అత్తయ్య ఎడమ చెప్పు

"ఊళ్లో వరదలన్నీ నువ్వే ఆపుతావట కదా, ముందు మన బాల్కనీ సంగతి చూడు," అన్నారు మా ఆయన, టీ కప్పుతో గుమ్మంలో నిలబడి. నేను చీపురుతో నీళ్లు తోస్తున్నాను. మా బాల్కనీ కడిగినప్పుడల్లా నీళ్లు గొట్టం వైపు పోవు. దానికి సరిగ్గా ఎదురు మూలకు చేరి అక్కడ తీరిగ్గా కూర్చుంటాయి. గచ్చు వేయిస్తున్న రోజునే చెప్పాను, వాలు తప్పు వైపు పడుతోందని. "ఇన్నేళ్లుగా గచ్చులు వేస్తున్న మేస్త్రీకి తెలియదా?" అన్నారు. మేస్త్రీకి ఏం తెలుసో ఏమో గానీ, ఆ రోజు నుంచి ఆ మూల నీళ్లు తోసే పని మాత్రం నాకు వచ్చి పడింది. వాలు తప్పని చెప్పిన మనిషే జీవితాంతం తోయాలన్న రూలు ఎవరు పెట్టారో తెలియదు. ఆయన తన జోకుకు తనే నవ్వుకుని, కప్పు గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయారు. ఆ కప్పు కూడా నేనే తీశాను.

ఈ జోకు మా ఇంట్లో పాతదే. నేను నదుల విభాగంలో ఇంజినీరుని. నా పని ఏమిటని చుట్టాలెవరైనా అడిగితే నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకుంటారు. "కంప్యూటర్లో నీళ్లు పారిస్తుంది. జీతం మాత్రం నిజంగానే ఇస్తారు," అంటారు. అందరూ నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని, నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారని. నిజానికి ఆ మాటలో తప్పేమీ లేదు. నేను చేసేది అదే. నేల ఎక్కడ మెరకో ఎక్కడ పల్లమో విమానంలోంచి కొలిచిన లెక్కలు మాకు వస్తాయి. నది అడుగు ఎంత లోతుందో పడవ మీద తిరిగి కొలిచినవాళ్లు పంపిస్తారు. అవన్నీ సాఫ్ట్‌వేర్లో పేర్చి, గడ్డి నేల మీద నీళ్లు ఎంత మెల్లగా కదులుతాయో, సిమెంటు రోడ్డు మీద ఎంత జోరుగా పోతాయో ఒక్కో చోటుకు దాని గరుకుదనం చెప్పి, ఎగువ నుంచి ఇంత ప్రవాహం వచ్చింది, పైనుంచి ఇంత వాన పడింది అని అప్పజెప్పి రన్ నొక్కుతాను. తెర మీద నీలం రంగు కదలడం మొదలవుతుంది. ఒడ్డు దాటుతుంది, సందు సందూ వెతుక్కుంటుంది, ఒక గోడ దగ్గర ఆగి ఆలోచించి పక్కకు తిరుగుతుంది. రాని వరదను ముందుగానే రప్పించి, ఎవరూ మునగకముందే ఎవరు మునుగుతారో చూడటం నా పని. ఆ నీలం కదులుతున్నంతసేపు నేను ఎవరి భార్యనూ కాను, ఎవరి కోడలినీ కాను. ఆ పనంటే నాకు చాలా ఇష్టం. అది నాకు చాలా బాగా వచ్చు కూడా. ఈ రెండో మాట పైకి అనడానికే నాకు బోలెడు కాలం పట్టింది.

ఆఫీసులోనూ ఒక జోకు ఉంది. కాకపోతే అది జోకని వాళ్లకు తెలియదు. "మేడమ్ రన్ చేస్తారు, మనం చెబుతాం." చెప్పేవాడు నాకంటే చాలా చిన్నవాడు. మీటింగున్న రోజున మాత్రమే టై కట్టుకొస్తాడు కాబట్టి మనసులో టైబాబు అని పిలుచుకుంటాను. మంచివాడే. నా కుర్చీ వెనక నిలబడి "ఇదెందుకిలా వచ్చింది మేడమ్?" అని అన్నీ అడిగి తెలుసుకుని, మర్నాడు మీటింగులో నేను గీసిన మ్యాపు ముందు నిలబడి "ఇక్కడ మనం గమనించాల్సిందేమిటంటే" అంటాడు. గమనించిందెవరో అతనికి గుర్తుండదు. నన్ను మీటింగులకు పిలవకపోవడానికి పెద్దసారు దగ్గర ఒక కారణం ఉంది. పాప చిన్నప్పుడు దానికి జ్వరం వచ్చిందని ఫోనొస్తే ఒకసారి మీటింగు మధ్యలో లేచి వెళ్లాను. పాప ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, నాకంటే పొడుగైంది కూడా. పెద్దసారు లెక్కలో మాత్రం ఆ జ్వరం ఇంకా తగ్గలేదు. "మీకు ఇంటి బాధ్యతలుంటాయి కదా మేడమ్, మిమ్మల్నెందుకు ఇబ్బంది పెట్టడం?" అంటారు, పెద్ద సాయం చేస్తున్నట్టు.

ఈసారి పని ఒక ఆస్పత్రిది. మా ఊరి వరస ఇలా ఉంటుంది: ముందు నది, దాని పక్కన మేముండే పాత వీధులు, వాటిని దాటితే ఎత్తైన రైలు కట్ట, రైలు కట్టకు అవతల పల్లంగా ఒక పెద్ద ఖాళీ స్థలం. ఆ స్థలంలో కాన్పుల ఆస్పత్రి కట్టబోతున్నారు. వరదొస్తే అక్కడికి నీళ్లు వస్తాయా రావా అన్నది మేం తేల్చాలి. నేను చాలా రకాల వానలతో రన్ చేశాను. ప్రతిసారీ పాత వీధులు మునిగాయి. అవి మునుగుతాయని అందరికీ తెలుసు, మా ఇల్లు పై అంతస్తులో ఉంది కాబట్టి నిబ్బరంగానే ఉంటాం. నీలం రంగు రైలు కట్ట దాకా వచ్చి ఆగిపోయింది. అవతలి స్థలం తెల్లగా, పొడిగా మిగిలింది. పెద్దసారు ఆ తెల్లరంగు చూసి మురిసిపోయారు. శనివారం మధ్యాహ్నానికి ముందు కమిటీ కూర్చుంటుందని, మ్యాపును ఆమోదించగానే పునాదులు తవ్వడం మొదలవుతుందని చెప్పారు.

అదే శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో విందు. మా ఆయన బ్యాంకులో పని చేస్తారు. కొత్తగా వచ్చిన మేనేజరును భార్యతో సహా భోజనానికి పిలిచారు. పిలిచాక నాకు చెప్పారు. "నాలుగైదు రకాలు చేయి, ఎక్కువేం వద్దు," అన్నారు. నాలుగైదు రకాలంటే ఎక్కువ కాదని చెప్పేవాళ్లు ఒక్క రకం కూడా వండి ఉండరు.

బుధవారం నాడు అత్తయ్యను స్కూటర్ మీద ఫిజియోథెరపీకి తీసుకెళ్లాను. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఆ క్లినిక్ ఖాళీ స్థలానికి ఆ చివరన ఉంది. ఫ్లైఓవర్ ఎక్కితే చుట్టూ తిరగాలి, అందుకని స్కూటర్ల వాళ్లం, నడిచేవాళ్లం రైలు పట్టాల కిందనుంచి ఉన్న చిన్న అండర్‌పాస్‌లో దూరి అవతలికి వెళ్తాం. అత్తయ్య దాన్ని బొరియ అంటారు. బొరియలోకి వెళ్లగానే ఆవిడ రోజూ మొదలుపెట్టే పాటనే ఆ రోజూ మొదలుపెట్టారు.

"ఇక్కడే అమ్మాయ్, సరిగ్గా ఇక్కడే. కొత్త చెప్పులు. కాలికి ఎంత సుఖంగా ఉండేవో! ఎడమదాన్ని లాక్కుపోయాయి మాయదారి నీళ్లు."

పోయిన ఏడాది వానల్లో పోయిన చెప్పు అది. కుడిదాన్ని ఆవిడ ఇంకా పారేయలేదు. అది చెప్పుల స్టాండులో ఒంటరిగా ఉంది, దుమ్ము దులిపేది నేనే. ఈ పాట నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. విన్నానంటే చెవిన పడింది, అంతే. వంటింట్లో మిక్సీ తిరుగుతున్నప్పుడూ, ఆఫీసుకు తయారవుతున్నప్పుడూ, ఇలా బండి మీదా, ఊఁ కొడుతూ వెళ్లిపోయాను. ఆ రోజు ఎందుకో ఊఁ కొట్టలేదు. బ్రేకు వేశాను.

"ఎటు లాక్కుపోయాయి అత్తయ్యా?"

"ఎటేమిటే? అటు!" అని ఆవిడ ఎదురుగా, ఖాళీ స్థలం వైపు చెయ్యి చూపించారు. "బొరియలోంచి కొట్టుకుపోయి ఆ స్థలం కంచెకు తగులుకుంది. వారం పాటు అక్కడే వేలాడింది. నీకు చూపించలేదూ? దిగి తెమ్మంటే ఆఫీసుకు టైమైందన్నావు."

స్కూటర్ గోడ పక్కన ఆపి దిగాను. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు, కొట్టుకోనిచ్చాను. గోడ మీద నా మోకాలి ఎత్తున ఒక బురద చార అటునుంచి ఇటు దాకా సాగి ఉంది. గోడకు బిగించిన గొట్టం క్లాంపులో ఎండిన గడ్డి ఇరుక్కుని, కొసలన్నీ ఖాళీ స్థలం వైపే తిరిగి ఉన్నాయి. నా మోడల్లో పోయిన ఏడాది వానకు ఆ స్థలంలో చుక్క నీరు లేదు. నా మోడల్లో ఈ కట్టకు చిల్లే లేదు.

ఎందుకు లేదో అక్కడే, ఆ చీకటి సందులో నిలబడి ఉండగానే అర్థమైంది. విమానం పైనుంచి చూస్తుంది. దానికి పట్టాలు కనబడతాయి, కంకర కనబడుతుంది, కట్ట ఎత్తు అణువణువూ కనబడుతుంది. కింద మనుషులు నడిచే దారి కనబడదు. అందుకే మోడల్ చేసేముందు ఎవరైనా వెళ్లి సైటు చూసి రావాలి. చూసొచ్చారు కూడా. పెద్దసారూ, టైబాబూ ఆఫీసు కారులో వెళ్లారు. కారులో చోటు లేదని నన్ను రమ్మనలేదు. కారు బొరియలో పట్టదు కాబట్టి ఫ్లైఓవర్ మీదనుంచి వెళ్లి, పైనుంచి చూసి, "రైలు కట్ట ఎక్కడా తెగకుండా ఉంది" అని రాసుకొచ్చారు. అబద్ధం కాదు. పైనుంచి చూస్తే అలాగే ఉంటుంది. మరి నేను? వారానికి ఎన్నిసార్లు ఈ దారిన పోతానో! కానీ ఈ దారిన పోయేది అత్తగారి మందులకూ మోకాళ్లకూ తిరిగే కోడలు. తెర ముందు కూర్చునేది ఇంజినీరు. ఇద్దరికీ ఇన్నాళ్లూ ఒకరి మొహం ఒకరికి తెలియదు. కోడలికి తెలిసిన సంగతులు ఆఫీసులో పనికొస్తాయని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు. ఆ బుధవారం బొరియలో ఇద్దరం ఎదురుపడ్డాం.

"ఏమిటే అలా నిలబడిపోయావు? నా మోకాళ్లు చూస్తావా ఆ గోడను చూస్తావా?" అన్నారు అత్తయ్య.

"రెండూ చూస్తాను అత్తయ్యా, పదండి," అన్నాను. నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా సరే. లెక్క తప్పు ఎక్కడుందో దొరికితే మా వృత్తి వాళ్లకు కలిగే సంతోషం అది. ఆ వెనకే, ఆ పల్లంలో కట్టబోయే ఆస్పత్రి గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

మర్నాడు పొద్దున ఆఫీసుకెళ్లగానే రైలు కట్టకు బొరియంత చిల్లు పెట్టాను. ముందు పోయిన ఏడాది వానతో రన్ చేశాను. నీలం రంగు కట్ట దాకా వచ్చింది, ఆగలేదు, చిల్లులో దూరి అవతలికి నాలుక చాచింది. సరిగ్గా అత్తయ్య చెప్పు వేలాడిన కంచె దాకా వెళ్లి అక్కడ ఆగింది. నేను కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వాను. పక్క బల్ల వాళ్లు తిరిగి చూశారు. తర్వాత పెద్ద వానతో రన్ చేశాను. ఈసారి నవ్వు రాలేదు. చిల్లులోంచి వచ్చిన నీళ్లకు ఆ పల్లంలోంచి బయటికి పోయే దారి లేదు. అక్కడే పెరిగాయి. ఆస్పత్రి ప్లాను తెచ్చి దాని మీద పరిచాను. కింది అంతస్తులో కాన్పుల గది, పక్కన పుట్టిన పిల్లల గది. నీళ్లు మంచాల ఎత్తు దాటాయి.

పెద్దసారుకు చూపించాను. టైబాబు కూడా ఉన్నాడు. పెద్దసారు కళ్లజోడు పైకి తోసుకుని, "రిపోర్టు ఫైనలైపోయింది కదా మేడమ్," అన్నారు. "అంత పెద్ద కట్టలో ఇంత సందు. అందులోంచి ఎన్ని నీళ్లొస్తాయి?"

"సింకులో రంధ్రం కూడా చిన్నదే సర్. సింకంతా దాంట్లోంచే ఖాళీ అవుతుంది."

ఆయన ఎప్పుడూ సింకు దగ్గర నిలబడి చూసినట్టు లేరు, ఆ పోలిక ఆయనకు అందలేదు. "సర్వేలో లేనిదాన్ని మనం ఎలా పెడతాం మేడమ్?" అన్నాడు టైబాబు.

"నేల మీద ఉన్నదాన్ని ఎలా తీసేస్తాం?"

"ఆధారం ఏమిటి?" అన్నారు పెద్దసారు.

"గోడ మీద బురద చార ఉంది. ఇంకా మా అత్తగారి ఎడమ చెప్పు ఉంది."

టైబాబు పకపకా నవ్వాడు. పెద్దసారు నవ్వలేదు గానీ, చిన్నపిల్లను బుజ్జగించే గొంతు తెచ్చుకున్నారు. "శనివారం ఇలాగే వెళ్లిపోనివ్వండి. తర్వాత మెల్లగా ఒక సవరణ ఇద్దాం."

"పునాదులు లేచాక సవరణ ఎవరికి సర్? ఈ మ్యాపు కింద నేను సంతకం పెట్టను. కొత్తదాని కింద పెడతాను."

మ్యాపు కింద తయారుచేసినవారి సంతకం లేకపోతే కమిటీ దాన్ని ముట్టుకోదు. ఇన్నేళ్లలో నేను అలా అనడం అదే మొదటిసారి. నాకంత కోపం వచ్చిందని నా గొంతు విన్నాకే నాకూ తెలిసింది. పెద్దసారు, "అయితే మీరే వచ్చి కమిటీకి చెప్పుకోండి," అన్నారు. వెంటనే ఊపిరి పీల్చుకుని, "అన్నట్టు శనివారాలు మీకు కుదరవుగా," అన్నారు.

"కుదురుతుంది సర్."

ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ మా ఆయనకు చెప్పాను. "శనివారం నాకు మీటింగుంది."

"నీకా? నీకు మీటింగులుండవుగా."

"ఈసారి ఉంది." ఆస్పత్రి సంగతీ, చిల్లు సంగతీ మొత్తం చెప్పాను. ఆయన విన్నారు. విననట్టు కాదు, నిజంగానే విన్నారు. విన్నాక, "అదంతా సరే, మేనేజరు మొదటిసారి వస్తున్నాడు. ఆ బటనేదో ఇంకెవరైనా నొక్కుతారు, వంట ఇంకెవరు చేస్తారు?" అన్నారు. నేను తరగడం ఆపకపోయేసరికి గొంతు మార్చి, కాస్త ప్రేమగా, "నువ్వు లేకపోతే ఈ ఇల్లు మునిగిపోతుంది, తెలుసా?" అన్నారు.

ఈ మాట నాకు పెళ్లైన కొత్తల నుంచీ తెలుసు. పుట్టింటికి వెళ్తానన్నప్పుడు విన్నాను. ఎగువన ఆనకట్ట చూడటానికి ట్రైనింగుకు పంపిస్తామన్నప్పుడు విన్నాను, వెళ్లలేదు. విన్న ప్రతిసారీ లోపల ఎక్కడో చిన్న గర్వం కలిగేది. నేనే గోడను, నేనే కట్టను, నా వెనక ఇంత సంసారం పొడిగా ఉందని. మెచ్చుకోలు అనుకుని మింగాను. ఆ సాయంత్రం చేతిలో కత్తి పట్టుకుని ఆ మాటను మా ఆఫీసు లెక్కన చూశాను. మా పనిలో ఒక గోడ నిజంగా వరదను ఆపుతోందా లేదా అని అనుమానం వస్తే దానికి ఒకటే పద్ధతి. ఆ గోడను తెర మీద తీసేసి మళ్లీ రన్ చేస్తాం. నీళ్లు ఎటు పోతాయో చూస్తాం. ఒక్కోసారి ఊరంతా మునుగుతుంది. ఒక్కోసారి ఏమీ కాదు, ఆ గోడ ఊరికే అక్కడ నిలబడి ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉందని తెలుస్తుంది. ఇన్నేళ్ల కాపురంలో నన్ను తీసేసి ఎవరూ రన్ చేయలేదు. నేనూ చేయలేదు. తీసి చూడకుండానే మునుగుతుందని ఇద్దరం నమ్మేశాం.

"చూద్దాం," అన్నాను.

"ఏమిటి చూసేది?"

"మునుగుతుందో లేదో."

ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు. పరువు అన్నారు, ప్రమోషన్ అన్నారు, మేనేజరు భార్య ఏమనుకుంటుందన్నారు. హాల్లో టీవీ చూస్తున్న అత్తయ్య సౌండు తగ్గించారు. ఆవిడ కూడా రెండు అంటారని నేను సిద్ధపడ్డాను. "నా చెప్పు సంగతి చెబుతావటే అక్కడ?" అని మాత్రం అడిగారు.

"చెప్పకుండా ఎలా అత్తయ్యా? అదే అసలు సాక్ష్యం."

ఆవిడ మళ్లీ సౌండు పెంచారు.

శనివారం పొద్దున వంటింటి గట్టు తుడవకుండానే బయల్దేరాను. కమిటీ గదిలో పొడవాటి బల్ల, చుట్టూ ఎత్తు కుర్చీలు. అధ్యక్షుడు ఒక రిటైరైన ఇంజినీరు, పక్కన ఆస్పత్రి తరఫున ఒక డాక్టరమ్మ, పొట్టి జుట్టు, చేతిలో పెన్ను ఆడిస్తూ. టైబాబు టై కట్టుకొచ్చాడు, అలవాటు కొద్దీ. పెద్దసారు నన్ను చూసి, "మేడమ్, టీలు వచ్చాయేమో కాస్త చూస్తారా?" అన్నారు. ఆయన కావాలని అనలేదు. ఆడమనిషి గదిలోకి వస్తే ఆయన నోటికి ముందుగా వచ్చే మాట అది.

"మీరు చూడండి సర్. నేను మ్యాపు పెడుతుంటాను," అన్నాను. టైబాబు లేచి బయటికి వెళ్లాడు, పాపం.

నేను పాత మ్యాపు చూపించాను, కొత్తది చూపించాను. గొంతు వణుకుతుందనుకున్నాను. వణకలేదు. టైబాబు నోట విన్నప్పుడల్లా లోపల సరిదిద్దుకున్న వాక్యాలన్నీ ఇన్నాళ్లుగా అక్కడే వరసలో నిలబడి ఉన్నాయి. విమానం పైనుంచి చూస్తుందని, దారి కింద ఉందని చెప్పాను. పోయిన ఏడాది వానకు కొత్త మోడల్లో నీళ్లు ఎక్కడ ఆగాయో చూపించి, అదే వానకు మా అత్తగారి ఎడమ చెప్పు అదే కంచెకు చేరిందని చెప్పాను. ఎవరో కిసుక్కున నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు. "చెప్పు అక్కడే దొరికిందా?" అని అడిగి, మ్యాపు మీదకు వంగి వేలితో ఆ దారంతా ఒకసారి గీసుకున్నారు. "నేను కూడా ఎప్పుడూ ఫ్లైఓవర్ మీదనుంచే వెళ్తాను," అన్నారు మెల్లగా.

డాక్టరమ్మ పెన్ను ఆడించడం ఆపింది. "అక్కడ మా కాన్పుల గది ఉంది. నీళ్లు రావడం మొదలైతే మంచం దాకా పెరగడానికి ఎంతసేపు పడుతుంది?"

గ్రాఫులో గంటలూ నిమిషాలూ ఉన్నాయి. ఆవిడ మొహం చూశాక వేరేలా చెప్పాలనిపించింది. "భోజనాలు వడ్డించడం మొదలుపెట్టి, అందరూ తిన్నాక గిన్నెలు కడిగి బోర్లించేంతసేపు."

ఆ కొలత గదిలో ఉన్న మగవాళ్లెవరికీ తెలియదు. ఆవిడకు తెలుసు. "అంతసేపట్లో నేను ఒక్క కాన్పు కూడా పూర్తి చేయలేను," అంది. "నొప్పులు పడుతున్నవాళ్లను ఎలా మోయించను? ఎక్కడికి మోయించను?" ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. పునాదుల పని మొదలుపెట్టొద్దన్నారు. కట్ట కింద ఉన్న దారులన్నీ, తూములన్నీ కొలిచి మోడల్లో పెట్టాలని, అప్పటిదాకా కమిటీ ప్రతి శనివారం కూర్చుంటుందని అధ్యక్షుడు చెప్పారు.

"మా టీమ్ మొదటినుంచీ ఈ కోణంలో ఆలోచిస్తూనే ఉంది," అన్నారు పెద్దసారు.

"ఈ మోడల్ నేను చేశాను," అన్నాను అధ్యక్షుడి వైపు చూసి. "ప్రశ్నలుంటే నన్నే అడగండి." గదిలో ఎవరికీ ఏ ఇబ్బందీ కలిగినట్టు లేదు. ఇంత చిన్న వాక్యాన్ని ఇన్నేళ్లు ఎందుకు మోశానా అనిపించింది.

బయటికి వస్తుంటే డాక్టరమ్మ నా పక్కన నడిచింది. "సోమవారం నాకు సైటు చూపిస్తారా?"

"కారు పంపిస్తాను," అన్నారు వెనకనుంచి పెద్దసారు.

"వద్దు సర్, నడిచి వెళ్తాం," అన్నాం ఇద్దరం, ఒకేసారి.

ఇంటికి వచ్చేసరికి అతిథులు వెళ్లిపోయారు. మెట్లెక్కుతుంటే గుండె దడదడలాడింది. కమిటీ గదిలో దడలేదు గానీ సొంత గుమ్మం దగ్గర దడ. లోపలికి వెళ్లి అన్నీ చూశాను, సైటు తనిఖీకి వెళ్లినట్టే. బల్ల మీద హోటలు డబ్బాలు, సగం సగం మూతలతో. సింకు నిండా గిన్నెలు. సోఫా మీద మనుషులు కూర్చుని లేచిన గుంటలు. పైకప్పు దాని చోట అదుంది. గోడలు వాటి చోట అవున్నాయి.

ఆయన మొహం ముడుచుకుని కూర్చున్నారు. "హోటలు నుంచి తెప్పించాల్సి వచ్చింది. నువ్వేదని వాళ్లడిగితే ఏం చెప్పాలో తెలియక నా తల కొట్టేసినట్టయింది."

"నేను చెప్పాలే," అన్నారు అత్తయ్య కుర్చీలోంచి. "ఆస్పత్రి మునగకుండా ఆపడానికి వెళ్లిందని చెప్పాను. ఆ మేనేజరు భార్య ఏమందో చెప్పరా. నేనూ వారానికోసారి ఏదో ఒకటి ఆపడానికి వెళ్తే బాగుండునంది. మూడుసార్లు వడ్డించుకు తింది." తర్వాత నా వైపు తిరిగి, కాస్త తగ్గించిన గొంతుతో, "మరి చెప్పావా?" అన్నారు.

"చెప్పాను. రికార్డులో రాసుకున్నారు."

"ఎవరి చెప్పని రాశారు?"

"మీదని. మీ పేరు అడిగి మరీ రాసుకున్నారు."

పేరు పెట్టి ఆవిడను పిలిచేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు, నాకు తెలిసి ఎక్కడా లేరు. చీర కొంగు సర్దుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆ ముసలి మొహం వెలగడం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"అయితే ఇవాళ్టితో అయిపోయినట్టేగా?" అన్నారు ఆయన.

"లేదు. ఇకమీద ప్రతి శనివారం ఉంది. వచ్చే శనివారానికి కూడా నేను లేననుకునే లెక్క వేసుకోండి."

"ఇల్లేమైపోవాలి?"

"ఇవాళ ఎవరూ మునగలేదు కదా," అన్నాను. గొంతు పెంచలేదు. ఫలితం చెబుతున్నప్పుడు ఎవరూ గొంతు పెంచరు. ఆయన సింకు వైపు చూశారు, డబ్బాల వైపు చూశారు, మళ్లీ నా వైపు చూశారు. నేను చెప్పులు విప్పి, అత్తయ్య కుడి చెప్పు పక్కన పెట్టి, సోఫాలో కూర్చున్నాను. నా చేతులు గిన్నెల వైపు పోవాలని కాసేపు తొందరపడ్డాయి. ఒళ్లో పెట్టుకుని కూర్చోబెట్టాను. కాసేపటికి అవే ఊరుకున్నాయి.

ఆయన చెత్తబుట్ట తీసుకుని బాల్కనీలోకి వెళ్లారు. అతిథులు చేతులు కడుక్కున్న నీళ్లు కాబోలు, జారబోయి తమాయించుకున్న చప్పుడు వినబడింది. "ఇదిగో, ఇక్కడ మళ్లీ నీళ్లు నిలిచాయి!" అని కేకేశారు. నేను లేచాను. మూలనున్న చీపురు తీసుకెళ్లి ఆయన చేతికిచ్చాను. ఆయన చీపురు వంకా నా వంకా అయోమయంగా చూశారు. వాలు ఎటుందో, మొదట ఎటువైపు లాగి తర్వాత గొట్టం దాకా ఎలా తీసుకెళ్లాలో వేలితో గీసి చూపించాను.

"మరి నువ్వు?" అన్నారు.

"నీళ్లెటు పోతాయో చెప్పడమే నా పని," అన్నాను. "తోయడం కాదు."